చెరో స్పీకరు

జూన్ పదకొండో తేదీ. ఆ ఉదయం మామగారు రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తిన్నారు. రొట్టె పెద్దమ్మాయి ఇంట్లోంచి వచ్చింది. గుడ్డు చిన్నమ్మాయి ఇంట్లోంచి వచ్చింది. ఉప్పు మాత్రం ఎక్కణ్ణుంచీ రాలేదు. చెల్లెలు పంపుతుందిలే అని అక్క, అక్క పంపుతుందిలే అని చెల్లెలు ఊరుకున్నారు.

నిజానికి ఇల్లు ఒక్కటే. ఎడమ వాటాలో పెద్దమ్మాయి, కుడి వాటాలో చిన్నమ్మాయి, మధ్యనున్న పొడవాటి గదిలో మామగారు. ఆ గదికి అటొక తలుపు, ఇటొక తలుపు. భార్య ఉన్న రోజుల్లో ఆ తలుపులు మూసిన గుర్తు ఆయనకు లేదు. ఆవిడ పోయిన మరుసటి ఏడు ఎవరో నీళ్ళ మోటారు ఆపడం మరిచిపోయారు. ట్యాంకు పొంగి పెద్దల్లుడి ఫైళ్ళు తడిశాయి, చిన్నల్లుడి ఆసుపత్రి గదిలో కుర్చీ తుప్పుపట్టింది. మరిచిపోయింది ఎవరన్నది మాత్రం తేలలేదు. పెద్దల్లుడు ఆడిటరు, చిన్నల్లుడు పళ్ళ డాక్టరు. ఒకాయన తప్పు పట్టందే ఉండలేడు, ఇంకొకాయన పట్టింది పీకందే వదలడు. తోడల్లుళ్ళ మధ్య మాటలు ఆగిపోయి అప్పటికి రెండేళ్ళు.

ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మామగారి గదిలోకి వచ్చి ఆయనతో చెప్పి, తలుపు దఢాలున వేసుకుని వెళ్ళిపోయేవారు. ఆడిటరు మరీ గట్టిగా వేసేవాడు. ఆ అదురుకి గోడమీద ఆవిడ ఫోటో ఒక పక్కకి ఒరిగేది. మామగారు లేచి సరిచేసేవారు. రోజుకి రెండు మూడుసార్లు ఆ ముఖాన్ని అంత దగ్గర్నుంచి చూసే వీలు దొరికిందని ఆయన దాన్ని కూడా మంచికే జమ వేసుకున్నారు.

కానీ వచ్చే ఆదివారం తాపీమేస్త్రీ వస్తున్నాడు. రెండు గుమ్మాలనూ ఇటుకలతో మూసేసి, మామగారికి పెరటివైపు కొత్త గుమ్మం పెట్టించాలని అల్లుళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఏకాభిప్రాయానికి వచ్చారు. ఆ తరువాత ఏ కూతుర్ని చూడాలన్నా ఆయన చెప్పులు వేసుకుని, పెరడు చుట్టి, వీధిలోకి వచ్చి, చుట్టంలా కాలింగ్ బెల్ కొట్టాలి.

మామగారు వద్దని వాదించలేదు. ఉద్యోగమంతా వాతావరణ కార్యాలయంలో వాన కొలుస్తూ గడిపిన మనిషి. పడినదాన్ని కొలవడమే తప్ప ఆపడం ఆయనకు అలవాటు లేదు. కాకపోతే ఆ ఉదయం ఉప్పులేని గుడ్డు తింటూ ఒక చిన్న ఆలోచన చేశారు. పాత రేడియో ఎలాగూ పాడైపోయింది. బజారులో నిలువెత్తు స్పీకర్లు, నేలమీద నిలబడేవి, చవక రకం కూడా వస్తున్నాయట. ఒక జత కొని ఈ గదిలో పెట్టి, వాళ్ళమ్మకి ఇష్టమైన ఆ జంటపాట వేస్తే, అటునుంచి ఒకమ్మాయి, ఇటునుంచి ఒకమ్మాయి రాకపోతారా? వచ్చి కాసేపు కూర్చోకపోతారా?

దుకాణానికి ఒక్కరే వెళ్దామనుకున్నారు. ఆటో దగ్గరికి వచ్చేసరికి అందులో ఒకవైపు ఆడిటరు, ఒకవైపు డాక్టరు కూర్చుని ఉన్నారు. మధ్యలో మామగారికి చోటు వదిలారు.

దుకాణంలో ఖరీదైన స్పీకర్లు ముందు వరసలో నిగనిగలాడుతున్నాయి. చవకవి వెనక, మెట్లకింద, నల్లకోటు వేసుకుని పెళ్ళికి పిలుపు అందని ఇద్దరు బంధువుల్లా నిలబడి ఉన్నాయి. మామగారికి వాటిని చూడగానే జాలివేసింది. అవే కావాలన్నారు.

"మామయ్యగారూ, రెండూ మీ గదిలో పెడితే సౌండంతా వాళ్ళ గోడకే పోతుంది. ముందే చెబుతున్నా," అన్నాడు ఆడిటరు.

"మామయ్యగారూ, నిద్ర చెడేది మాకు. గోడ మాకొక్కళ్ళకే ఉందా ఏమిటి, ఆయనగారికీ ఉందిగా," అన్నాడు డాక్టరు.

"పోనీ జత అంటే రెండు. వాటాలు రెండు. చెరోటి పెట్టేసుకుంటే పోలా?" అన్నాడు ఆడిటరు.

సేల్స్‌మన్ గాభరాపడ్డాడు. "సార్, అలా విడదీయకూడదు సార్. రెండూ ఒకే గదిలో ఉంటేనే..."

"ఉంటే ఏమవుతుందో మాకు తెలుసులేవయ్యా. ఉండి చూశాం," అన్నాడు డాక్టరు.

"కరెక్ట్," అన్నాడు ఆడిటరు.

రెండేళ్ళ తరువాత ఒక విషయంలో ఇద్దరికీ మాట కలిసింది. మామగారికి అదే పదివేలనిపించింది. ఆ ఆనందంలో, సేల్స్‌మన్ చెప్పబోయింది ఏమిటో అడగడం ఆయనా మరిచిపోయారు.

స్పీకర్లకి పాట అందించే యాంప్లిఫయరు మామగారి మంచం పక్కన పెట్టారు. అది ఎవరి వాటాలోకీ రాదు గనక. దాన్నుంచి ఒక వైరు ఎడమ గడప దాటి ఆడిటరు హాల్లోకి, ఒక వైరు కుడి గడప దాటి డాక్టరు ముందుగదిలోకి వెళ్ళాయి. దుకాణంవాడు ఊరికే ఇచ్చిన వైరు బొటనవేలంత లావుంది. గడపమీద అది అడ్డుపడి తలుపులు మూసుకోవడం మానేశాయి. ఆడిటరు అలవాటుగా దఢాలుమనిపించబోయాడు. తలుపు వైరుకి తగిలి వెనక్కి వచ్చి ఆయన మోచేతినే పలకరించింది.

"ఆదివారం మేస్త్రీ వచ్చాక వైరుకి గోడలో చిల్లు పెట్టిస్తా," అని మోచెయ్యి రుద్దుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు పొద్దున మామగారు జంటపాట పెట్టి మంచంమీద వాలారు. కిటికీలోంచి ఎండ పల్చగా, తడి ఆరని బట్టలా గదిలో వేలాడుతోంది. పాటలో, అటునుంచి ఆయన అడుగుతున్నాడు, ఇటునుంచి ఆవిడ జవాబు చెబుతోంది. పాట రెండు గుమ్మాల్లోంచి వచ్చి సరిగ్గా మంచం మీద కలుసుకుంటోంది. ఈ పాటలో ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా భార్య ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి గొంతు కలిపేది. మామగారు కళ్ళు మూసుకున్నారు. ఎక్కడో ఇస్త్రీ వాసన వచ్చినట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడే ఎడమ వాటాలో ఒక బట్టల వ్యాపారి ఆడిటరు ఎదుట లెక్కలు పరిచి కూర్చుని ఉన్నాడు. అతని వీపు వెనకనుంచి ఒక మగ గొంతు, ఎంతో ప్రేమగా, "చెప్పు... దాచింది చెప్పు..." అంది. తరువాత నిశ్శబ్దం. మళ్ళీ, "ఇంకా దాచకు... అంతా చెప్పు..." అంది. వ్యాపారి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మూడోసారికి తట్టుకోలేక, ఊరవతల తనకింకో గోడౌను ఉందని ఒప్పేసుకుని, లెక్కలు అక్కడే వదిలేసి పారిపోయాడు.

కుడి వాటాలో ఒక పెద్దాయన కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నాడు. డాక్టరు పటకారు ఎత్తాడు. "వద్దు..." అంది గది మూలనుంచి ఆడ గొంతు. డాక్టరు ఆగాడు. మళ్ళీ ఎత్తాడు. "ఇవాళ వద్దు... తొందర వద్దు..." పెద్దాయన మెల్లగా లేచి నోరు మూసుకున్నాడు.

"డాక్టర్‌గారూ, ఆవిడెవరో అంతలా చెబుతోంది. రేపొస్తాలెండి," అని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి అల్లుళ్ళిద్దరూ రెండు గుమ్మాల్లో నిలబడ్డారు.

"మామయ్యగారూ, మా ఇంట్లో వాడొక్కడే అడుగుతున్నాడు. జవాబు చెప్పే ఆవిణ్ణి వాళ్ళు ఉంచేసుకున్నారు!"

"ఏం బాగుపడ్డాం ఉంచేసుకుని! మా ఇంట్లో ఆవిడ ఎవరూ ఏమీ అడక్కుండానే వద్దు వద్దంటోంది. పేషెంట్లు పోతున్నారు!"

"నాకు బాగానే ఉందే. ఇద్దరూ వినిపిస్తున్నారు," అన్నారు మామగారు.

అల్లుళ్ళు ఆయన్ను అదోలా చూశారు.

ఆ సాయంత్రం చిన్నమ్మాయి పెరట్లో బట్టలు తీస్తూ, అవతల తీగ దగ్గర ఉన్న అక్కతో, బట్టల వైపే చూస్తూ అంది. "నాన్నకి ఒంట్లో బాగుందంటావా? మా ఇంట్లో ఆడగొంతే వస్తోంది. మీ ఇంట్లో మగగొంతేనట. నాన్న మాత్రం ఇద్దరూ పాడుతున్నారంటాడు."

పెద్దమ్మాయి చేతిలోని దుప్పటి అక్కడే ఆగిపోయింది. "కళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నాడే. పొద్దున చూశా. అమ్మ వచ్చినట్టు... పక్కన కూర్చున్నట్టు..."

"ఊరుకో అక్కా. భయం వేస్తోంది."

"చెవుల డాక్టరుకి చూపిద్దామా?"

"చెవులకా, ఇంకెవరికైనానా?"

ఇద్దరూ ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకుని మడతపెట్టారు. రెండేళ్ళయింది ఆ పని చేసి. ఆ సంగతి ఇద్దరూ గమనించలేదు.

ఆ తరువాత కథ వేగం పుంజుకుంది. యాంప్లిఫయరుకి ఎడమకీ కుడికీ తిరిగే గుండీ ఒకటుంది. ఆవిణ్ణి తన వైపు లాగుదామని ఆడిటరు దుమ్ము తుడిచే నెపంతో వచ్చి దాన్ని ఎడమకి తిప్పేవాడు. ఆవిడ మాయమయ్యేది. అడిగేవాణ్ణి రప్పిద్దామని డాక్టరు మామగారి నాడి చూసే నెపంతో వచ్చి కుడికి తిప్పేవాడు. ఆయన మాయమయ్యేవాడు. మామగారు ప్రతిసారీ నిద్రలోంచి చెయ్యి చాపి గుండీని మధ్యకి తెచ్చేవారు, గోడమీద ఫోటో సరిచేసినట్టే.

శనివారం సాయంత్రానికి ఆడిటరు ఒక నిర్ధారణకి వచ్చాడు. "మామయ్యగారూ, చెప్పండి ఆయనకి. ఆడగొంతు వాళ్ళ పెట్టెలో ఉంది. పెట్టెలు మార్చుకుందాం."

"మార్చుకోమనండి. నాకేం?" అన్నాడు డాక్టరు.

వైర్లు ఊడదీసి, నిలువెత్తు పెట్టెలు ఇద్దరూ చెరోటి కౌగిలించుకుని, ఆయాసపడుతూ ఇళ్ళు మార్చారు. వైర్లు మళ్ళీ బిగించారు. పాట మొదలైంది. ఆడిటరు హాల్లో మళ్ళీ అదే మగగొంతు, "చెప్పు... దాచింది చెప్పు..."

"కదల్లేదు వీడు!" అన్నాడు ఆడిటరు నీరసంగా.

"పెట్టెలో కాదు మామయ్యగారూ, వైర్లో ఉంది కిటుకంతా!" డాక్టరు అటునుంచి అరిచాడు. "వైరుతో సహా మార్చేయమనండి!"

ఈసారి వైర్లు తగిలించే ఉంచి, పాట ఆపకుండానే పెట్టెలు మోసుకుంటూ ఒకరు ఎడమ గుమ్మంలోంచి, ఇంకొకరు కుడి గుమ్మంలోంచి ఒకేసారి బయల్దేరారు. మామగారి మంచం కాళ్ళ దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. అక్కడ ఒక మనిషి పట్టే సందుంది. ఇద్దరు మనుషులు, రెండు స్పీకర్లు పట్టే సందు లేదు.

"ఆయన్ని వెనక్కి వెళ్ళమనండి."

"ముందొచ్చింది నేను. ఆయన్నే వెళ్ళమనండి."

"వెనక్కి ఎలా వెళ్ళను? వైరు కాలికి చుట్టుకుంది!"

"అయ్యో, అన్నయ్యా, కదలకు! పడతావు!"

ఆ మాట డాక్టరు నోట్లోంచి నేరుగా వచ్చేసింది, మామగారి మీదుగా కాకుండా. ఇద్దరూ ఉలిక్కిపడి, ఏం చెయ్యాలో తెలియక, పెట్టెలు ఎక్కడివక్కడ దించేశారు.

అప్పుడు ఒక పెట్టెలోంచి ఆయన అడిగాడు. పక్క పెట్టెలోంచి ఆవిడ జవాబు చెప్పింది.

అల్లుళ్ళిద్దరూ నేలమీద కూలబడి ఆ పెట్టెలకేసి చూస్తూ ఉండిపోయారు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అటు గుమ్మంలో పెద్దమ్మాయి, ఇటు గుమ్మంలో చిన్నమ్మాయి ప్రత్యక్షమయ్యారు.

"అమ్మ పాట," అంది పెద్దమ్మాయి.

"ఆయన అందులో, ఆవిడ ఇందులో!" అంది చిన్నమ్మాయి. "అంటే నాన్నా... ఇన్నాళ్ళూ నీకు నిజంగానే...?"

"చెబుతూనే ఉన్నాగా. మధ్యలో పడుకుంటే బాగానే వినిపిస్తుందమ్మా," అన్నారు మామగారు.

చెల్లెలు నవ్వడం మొదలుపెట్టింది, అక్క కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది, తరువాత అటూఇటూ మారారు. ఇద్దరూ మంచంమీద నాన్నకి చెరోపక్కన ఇరుక్కున్నారు. మామగారు మళ్ళీ మొదటినుంచీ పాట పెట్టారు. ఇంతకాలం ఎదురుచూసింది ఈ నిమిషం కోసమే. కళ్ళు మూసుకున్నారు.

"ఇక్కడ అమ్మ గొంతు కలిపేది గుర్తుందా? ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి..."

"పక్కనపెట్టి కాదు, చొక్కామీద పెట్టి! నాన్న తెల్లచొక్కా మాడ్చింది ఈ చరణంలోనే!"

"అన్నయ్యా, గోడౌను ఒప్పుకున్నవాడి సంగతి చెప్పు."

"ఆ పెద్దాయన తిరిగొచ్చాడా, పన్ను పీకించుకోడానికి?"

"వచ్చాడు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు పీకమన్నాడు!"

నవ్వుల్లో పల్లవి పోయింది. మోటారు గొడవ మళ్ళీ పైకి వచ్చి, ఆపడం మరిచింది నువ్వంటే నువ్వని కాసేపు వాదించుకోవడంలో రెండు చరణాలు పోయాయి. పాట అయిపోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. మామగారు కళ్ళు తెరవలేదు. పాట వేసినప్పుడల్లా ఆవిడా ఇలాగే మాట్లాడుతూ ఉండేది. అప్పుడు విసుక్కునేవారు.

పొద్దుపోయాక ఒక్కొక్కరే లేచారు. స్పీకర్లు ఉన్నచోటే ఉండిపోయాయి, గడపలమీద ఇక వైరు లేదు. అందరికంటే చివర ఆడిటరు మిగిలాడు. గుమ్మంలో ఆగి గొంతు సవరించుకున్నాడు.

"మామయ్యగారూ, మేస్త్రీని రావద్దన్నా. అంటే... ఈ పెట్టెలు ఎప్పుడైనా బయటికి తేవాలంటే గుమ్మం ఉండాలిగా."

"ఉండాలి అల్లుడుగారూ. రెండూ ఉండాలి."

"తలుపు వేసెయ్యనా?"

"వెయ్యండి. కాస్త మెల్లగా. అవతల వాళ్ళు పడుకుని ఉంటారు."

ఆడిటరు తలుపుని రెండు చేతులతో పట్టుకుని, పసిపాపను పడుకోబెట్టినట్టు, మెల్లగా దగ్గరికి వేశాడు. గోడమీద ఫోటో కదల్లేదు. ఆ సాయంత్రం మొత్తంలో మామగారు ఒక్క ముక్క కూడా పోకుండా విన్నది ఆ తలుపు మూసుకున్న నిశ్శబ్దం ఒక్కటే.