అట్ట గోడల కాపురం

పాఠక మహాశయులారా, సొంతిల్లు కట్టుకోవాలని ఉబలాటపడుతున్నవాళ్లకు నాదొక్కటే మనవి. ఇటుకలనూ సిమెంటునూ నమ్ముకోకండి. అట్టతో కట్టుకోండి! కాపురమంటూ చేస్తే అట్ట గోడల మధ్యే చేయాలి. నవ్వుతారేం? సెట్టింగుల మాస్టారి సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

మాస్టారు బుద్ధెరిగిన నాటి నుంచీ నాటకాలకు సెట్టింగులు వేసిన మనిషి. రాజదర్బారు కావాలన్నా, పూరిగుడిసె కావాలన్నా, నాలుగు అట్టలూ రెండు డబ్బాల రంగూ ఇస్తే సాయంత్రానికి నిలబెట్టేవాడు. నాటకాలు చూసేవాళ్లు తగ్గిపోయాక ఒక బిల్డరు ఆయన్ని పిలిచి, తాను కట్టబోయే అపార్టుమెంటుకు శాంపిల్ ఫ్లాటు తయారు చేయమన్నాడు.

మొదట మాస్టారు జంకాడు. బ్రోషరు చూశాక ధైర్యం వచ్చింది. అంతా తనకు తెలిసిన భాషే! నాటకంలో చేతికర్రనూ కూజానూ ప్రాపర్టీ అంటారు. బిల్డరు ఏకంగా బిల్డింగునే ప్రాపర్టీ అంటున్నాడు. తను తెర మీద దూరపు కొండలు గీసి సీనరీ అంటే, ఈయన కాగితం మీద ‘ఆహ్లాదకరమైన పరిసరాలు’ అని అచ్చు వేయిస్తున్నాడు. తేడా ఒక్కటే. నాటకం చూసేవాడికి అది నాటకమని తెలుసు.

ఇక మాస్టారు విజృంభించాడు. పడకగది పెద్దదిగా కనిపించాలని మంచం పొట్టిగా చేశాడు. తలుపులు అడ్డమని తీసేశాడు, బాత్రూముకు కూడా! ఫ్రిజ్జులో మైనపు యాపిళ్లు, అల్మరాలో లోపల కాగితాల్లేని పుస్తకాలు, కిటికీ అవతల తన చేత్తో గీసిన చెరువు. అయినా బిల్డరు పెదవి విరిచాడు.

“సెట్టు బ్రహ్మాండంగా ఉంది మాస్టారూ, కానీ బోసిగా ఉంది. ఎవరో కాపురం చేస్తున్నట్టుండాలి. మీ ఆవిణ్ణి తీసుకురాకూడదూ?”

మాస్టారికి చిక్కొచ్చిపడింది. ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటలు ఎప్పుడో ఎండిపోయాయి. “అన్నం?” “పెట్టు.” “గ్యాసు?” “వస్తుంది.” గొడవలంటారా, అవీ లేవు. గొడవపడాలన్నా కాస్త మాట్లాడుకోవాలి కదా! నేపథ్యమంటే నాటకాలవాళ్ల లెక్కలో తెర వెనక చోటు. ఆ ఇల్లాలు ఇన్నేళ్లూ ఉన్నది అక్కడే.

అలాంటి మనిషిని రంగంలోకి దించాడు. మొదటి కస్టమర్లు గడప దాటగానే మాస్టారు ఖాళీ కప్పు అందిస్తూ, “రా, కాస్త కూర్చో. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నావు” అన్నాడు.

ఆవిడ ఉలిక్కిపడి, ఇంకెవరితోనైనా అన్నాడేమోనని వెనక్కి తిరిగి చూసింది. తర్వాత తేరుకుని, “మీరు తాగారా?” అంది.

కస్టమర్లు మురిసిపోయారు. సీను రోజురోజుకీ రక్తి కట్టింది. లేని టీని మెచ్చుకునేవాడు మాస్టారు, లేని చెరువు చూపించేవాడు, “తిన్నావా?” అని మాటిమాటికీ అడిగేవాడు. సాయంత్రం బస్సులో మాత్రం ఆయన ముందు సీట్లో, ఆవిడ వెనక సీట్లో, ఎవరి కిటికీ వాళ్లది.

ఒకరోజు భర్తతో వచ్చిన ఒకావిడ మాస్టారి భార్యను పట్టుకుని అడిగింది. “పిన్నిగారూ, దాచకుండా చెప్పండి. ఇక్కడి పరిసరాలు నిజంగానే బాగుంటాయా?”

బిల్డరు గొంతు సవరించుకున్నాడు. ఇల్లాలు అటు చూడలేదు.

“ఏం చెప్పనమ్మా! మా ఇంట్లో ఈయన నన్ను తిన్నావా అని అడిగి ఎన్నేళ్లయిందో. ఇక్కడ అడుగు పెడితే చాలు, అడుగుతూనే ఉంటారు. అంత మంచివమ్మా ఇక్కడి పరిసరాలు.”

బిల్డరు కళ్లు తేలేశాడు. కొనడానికి వచ్చినావిడ తన మొగుడి వంక ఒక్క చూపు చూసి, “మనం ఇదే తీసుకుంటున్నాం” అంది. మాస్టారు తల దించుకుని మైనపు యాపిల్‌ను తుడుస్తూ ఉండిపోయాడు.

చూశారా అట్ట మహిమ! పెద్దమనుషుల వల్ల కాని పని ఓ గోడ బొమ్మ చేసిపెట్టింది. ప్రతి ఇంట్లోనూ ఒక శాంపిల్ గది ఉండాలనీ, అందులోకి రోజూ ఎవరో ఒకరు వచ్చి మనల్ని చూసిపోవాలనీ చట్టం తెమ్మంటాను నేను. చూసేవాళ్లు లేకుండా మంచిగా ఉండటం ఎవడి తరం?

ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాయి. సెట్టు విప్పేయమని కబురొచ్చింది. మాస్టారు గోడలు ఊడదీశాడు, చెరువును చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. చివరికి బోడి సిమెంటు స్తంభాల మధ్య సోఫా, దాని మీద సాయానికొచ్చిన ఇల్లాలు మిగిలారు.

“లే, ఇది కూడా ఎత్తాలి.”

ఆవిడ లేవలేదు. ఈ ఇల్లు వదల్లేక అలిగిందనుకున్నాడు మాస్టారు.

“ఇప్పుడు సీన్ చెయ్యకు.”

“సీనూ లేదు, పాడూ లేదు. లేవలేకపోతున్నాను. మోకాళ్లు పట్టేశాయి.”

పైకప్పు ఎత్తుగా కనబడాలని ఆ సోఫా కాళ్లు కోసి కురచ చేసింది మాస్టారే.

“మరి రోజూ ఎలా లేచేదానివి?”

“మీ అట్ట గోడ పట్టుకుని. పడిపోతుందేమోనని మెల్లిగా.”

మాస్టారు చేయి అందించబోయి, ఏమనుకున్నాడో, స్క్రూడ్రైవరు కింద పడేసి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

“ఎన్నాళ్ల నుంచి?”

“ఇప్పుడా అడగడం?” అంది. అని, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఆయన మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే! గోడ లేదు, లైటు లేదు, చూసి మెచ్చుకునే కస్టమరు ఒక్కడూ లేడు. అలాంటిచోట అంత మంచి సీను తగలేస్తారా? వీళ్లను చూసి మీరు కూడా ఇళ్లల్లో ఇదే మొదలుపెడితే, అట్ట ఇళ్ల గతేం కానండీ!