రేడియో ఎవరింటిదో చెప్పండి, వార్త నిజమో కాదో తేల్చేస్తాం

యుద్ధకాలంలో మనిషికి పక్షపాతాన్ని మించిన సుఖం లేదు! ఆలోచించే శ్రమ మొత్తం తప్పించే ఇంత గొప్ప సదుపాయాన్ని పట్టుకుని చెడ్డదంటారేమిటండీ?

మా కోవూరు మగవాళ్లనే చూడండి. ఈ సెప్టెంబరులో సరిహద్దున యుద్ధం మొదలైనప్పటి నుంచి వార్త వినకుండానే నిజానిజాలు తేల్చేస్తున్నారు. అది ఏ అరుగు మీద నుంచి వచ్చిందో తెలిస్తే చాలు!

మా వీధికంతా రేడియో ఒక్కటే, బట్టల వ్యాపారి ఖాదర్ మొహిద్దీన్ గారింట్లో. మొన్నమొన్నటి దాకా మావారు పద్మనాభయ్య గారూ, వారి స్నేహితులు రంగనాయకులు గారూ క్రికెట్ కామెంటరీకి అక్కడే కాపురం. టీలూ అక్కడే. యుద్ధం రాగానే ఆ రేడియో శత్రువుల్లో కలిసిపోయిందని కనిపెట్టారు! అదే పెట్టె, అదే ఢిల్లీ స్టేషను, అదే గొంతు. మారింది వీళ్ల చెవులే!

ఖాదర్ గారి భార్య ఖుర్షీదా. ఆమె తమ్ముడు దరియావలి పంజాబులో మన మిలిటరీ లారీ తోలుతున్నాడు. లండన్ వాళ్ల ఇంగ్లీషు వార్తలు ఆమెకు అర్థం కావు, నేను బి.ఏ. చదివినదాన్ని. అందుకే సాయంత్రం పొయ్యి ఆర్పేసి పెరటి దారిన వెళ్లి, విని చెప్తాను.

"అక్కా, మావాడుండే ఊరి పేరేమన్నా చెప్పినారా?"

"చెప్పలా, ఖుర్షీదా."

"చెప్పకపోతే మంచిదే గదా?"

మంచిదేనన్నాను.

నేను చేపలు కొన్నట్టు వార్తలు వింటాను. బుట్ట దించిన ప్రతివారూ పొద్దున పట్టిందేనంటారు. మనం మొప్ప ఎత్తి చూడమూ? ఇటువాళ్లూ అటువాళ్లూ కూల్చామంటున్న విమానాలన్నీ నిజంగా ఎగిరి ఉంటే ఆకాశంలో కాకులకు చోటుండేది కాదు! 'ఇంకా తెలియలేదు' అని ఎవరైనా ఒప్పుకున్న చోట మాత్రం ఆగి వింటాను. ఎంత టైము వేస్టు!

మావారి పద్ధతిలో ఆ బాధ లేదు.

"లాహోరు దగ్గర పోరు ఇంకా తేలలేదంట," అన్నాను.

"యాడ విన్నావు?"

"ఖుర్షీదా ఇంట్లో."

"అయితే ఉత్తదే!"

మర్నాడు ఆయనే వచ్చి, "ఏమే, ఇంకా తేలలేదంట! రంగనాయకులు చెప్పినాడు," అన్నారు. రంగనాయకులు గారికి చెప్పింది ఆయన భార్య వెంకటశేషమ్మ. ఆమెకు బావి దగ్గర చెప్పింది నేను! అరుగు మారేసరికి వార్త ఎంత శుభ్రపడిందో చూశారా?

ఇంతలో మా అరుగు మీద మగవాళ్ల తీర్మానమైంది: మర్నాటి సాయంత్రం పోలీసులకు చెప్పి ఆ రేడియోను స్టేషనుకు తరలించాలని. ఖుర్షీదా ఆ పూట అన్నం ముట్టలేదు. "పెట్టె పోతే పోనీ అక్కా, మావాడి సంగతి నాకెట్టా తెలిసేది?"

మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని, వెంకటశేషమ్మ వచ్చే వేళకు బావికి బయల్దేరాను.

"వదినా, ఆ రేడియో పోలీసు స్టేషనుకు పోతే, ఇన్నేళ్లూ దాని ముందర ఎవురెవురు కూర్చున్నారో పోలీసులు పేర్లు రాసుకుంటారంట గదా?"

"అమ్మో!" అని వెంకటశేషమ్మ చేద వదిలేసింది. "ఎవురు చెప్పినారు?"

"అందరూ అనుకుంటా ఉండారు."

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మావారి ముఖం వాడిపోయి ఉంది. "స్టేషనుకు పోవడంలా. నమ్మకమైన చోటు నుంచి ఒక సంగతి తెలిసింది," అన్నారు.

"ఏం సంగతి?"

"నీకెందుకు? ఆడోళ్లకు అర్థమయ్యేది కాదు."

ఖుర్షీదా ఇంట రేడియో మోగుతూనే ఉంది. నేను విన్న నిజం మావారికి ఎక్కడానికి ఒక రోజు పట్టింది. నేనల్లిన అబద్ధానికి ఒక పూట చాలింది!

ఇదంతా అచ్చులో పెడితే ఆయన చదవరా అని భయపడకండి. పైన నా పేరు చూడగానే, చదవకుండానే ఉత్తదని తేల్చేస్తారు!