వారెన్ గుర్తింపుకి అర్జీ

ఒక పెద్ద అడవిలో ఇంగ్లీషు చదవగలిగిన కుందేలిని నేనొక్కదాన్నే. ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది: ఆ రోజు సభలో మొదటి వాక్యం దాటేసి చదివాను.

ఫారెస్టు బంగళా చెత్తలో దొరికిన నిఘంటువు కాగితం పట్టుకొచ్చాడు మా సంఘం అధ్యక్షుడు చెవులయ్య. "అమ్మాయ్, ఇందులో మన బొమ్మ వేశారు. ఏం రాశారో చదువు."

గొంతు సవరించుకున్నాను. "వారెన్. అంటే కుందేళ్ల బొరియల గుంపు. దాన్నిబట్టి, ఇరుకు సందులతో జనం కిక్కిరిసిన ఏ చోటునైనా మనుషులు అలాగే పిలుస్తారు."

"విన్నారా! పట్నాలు కట్టడం మనుషులు మన దగ్గర నేర్చుకున్నారు!" అన్నాడు చెవులయ్య. ఒకటే చప్పట్లు. వాటిలో కొన్ని నాకే.

దాటేసిన వాక్యం ఇది: పూర్వం దొరల వంటింటి కోసం కుందేళ్లని కంచె వేసి పెంచిన నేలకి ఆ పేరు.

మర్నాడే 'వారెన్ గుర్తింపు' కోసం అర్జీ పెట్టాం. తనిఖీ అధికారి నక్క పరాంకుశంగారు వచ్చి పెదవి విరిచారు. "రద్దీ చాలదండీ. అందరూ ఒక్క బొరియలోకి రావాలి. దొడ్డిదారులన్నీ పూడ్చాలి. ఖాళీ కనబడిందా, ఫైలు వెనక్కే."

మా అక్క బంతి లేచింది. ఇంకా కళ్లు తెరవని ఆరుగురు పిల్లల తల్లి. "మనం బొరియ తవ్వితే ముందు దొడ్డిదారి, ఆ తర్వాతే వాకిలి. కొత్తకోడలికి మొదట చూపించేది అదే. దాన్ని పూడ్చమంటున్నది నక్క. ఎవరికీ ఏమీ అనిపించట్లేదా?"

"వారిప్పుడు నక్క కాదమ్మా, అధికారి," అన్నాడు చెవులయ్య.

అక్క నా వైపు తిరిగింది. "చదివినదానివి, నువ్వు చెప్పవే!"

"చదువురానివాళ్లతో ఏం వాదిస్తాం," అన్నాను.

అక్క పిల్లలతో తన పాత బొరియలోనే ఉండిపోయింది. అప్పట్నుంచీ మాటల్లేవు.

తనిఖీ రోజు మూడువందల పన్నెండు మందిమి ఒక్క బొరియలో కూరుకున్నాం. సరి నంబరువాళ్లు ఊపిరి పీల్చేటప్పుడు బేసి నంబరువాళ్లు వదలాలని సర్క్యులర్. చెవులు సగానికి మడవాలి. తుమ్మాలంటే ముందస్తు అనుమతి.

పరాంకుశంగారు మిరియాలపొడి పొట్లంతో వచ్చారు. "అబ్బ, ఏం రద్దీ!" అంటూ లోపలికి దూకి, నడుం దగ్గర ఇరుక్కుపోయారు. పైన పదిమంది, కింద పదిమంది నొక్కేసరికి నోరు తెరుచుకోలేదు. ఉన్న ఒక్క వాకిలికీ ఆయనే బిరడా.

"అధికారిగారికి ఆనందంతో మాట రావట్లేదు," అని చెవులయ్య స్వాగతోపన్యాసం మొదలెట్టాడు. ఇవాళ మూడో రోజు. ఇంకా స్వాగతంలోనే ఉన్నాడు.

కాలు కదపడానికే చోటు లేదు, ఇంక లోపల్నుంచి తవ్వేదెవరు? గడ్డం కింద ఇరుక్కున్న ఫోనులో ముక్కుతో ఇది రాస్తున్నాను. పరాంకుశంగారి మెడ నా భుజానికి తగులుతోంది. ఆకలికి నిన్నటికన్నా సన్నబడింది. రేపటికి ఆయన నోరు తెరవడానికి సరిపడా సందు దొరుకుతుంది.

బయటున్నది అక్క ఒక్కతే. పిలిస్తే వస్తుంది, తవ్వుతుంది. కానీ ముందు "తెలిసి ఎందుకు ఊరుకున్నావే?" అని అడుగుతుంది. జవాబు ఈ మూడువందల మందీ వింటారు.

నీతి: అర్థం తెలిసినవాళ్లు నోరు మూసుకుంటే అందరం మర్యాదగానే పోతాం.

రాశాక చూస్తే, ఈ నీతి నాకే నచ్చలేదు. అక్కకి ఫోన్ చేస్తాను.