దయచేసి ఐపీ పెట్టండి!

మనిషై పుట్టాక ఒక్కసారైనా ఐపీ పెట్టాలండీ!

నవ్వకండి. "నేను దివాలా తీశాను, అప్పులు తీర్చలేను మహాప్రభో" అని కోర్టులో వేసుకునే పిటిషన్‌కి మన వైపు ముద్దుపేరు ఐపీ. యోగాకన్నా మేలు. బీపీ తగ్గుతుంది, నిద్ర పడుతుంది, నలుగురిలో పరపతి పెరుగుతుంది. కళ్లారా చూసి చెబుతున్నాను!

కొల్లేరు పక్కన రెండు వందల ఎకరాల చేపల చెరువులు లీజుకు చేసిన నరసింహరాజు గారు నిరుడు వేసవిలో ఐపీ పెట్టారు. పద్నాలుగు కోట్లకి! అంతకుముందు ఆయనకు షుగరు, గుండెదడ, రోజుకు ఎనభై ఫోన్లు. పిటిషన్ పడ్డ వారానికి చూద్దును కదా, మనిషి నిగనిగలాడిపోతున్నారు! అప్పిచ్చినవాళ్లు గుమ్మం బయటే చెప్పులు విడిచి లోపలికెళ్లి, "రాజుగారూ, ఆరోగ్యం జాగ్రత్తండీ, తమరు చల్లగా ఉంటేనే కదండీ మేం బతికేది" అని బతిమాలి వచ్చారు. పద్నాలుగు కోట్లు దానం చేసినవాడికైనా ఇంత మర్యాద దొరుకుతుందా?

అలా బతిమాలినవాళ్లలో కృష్ణబాబు ఒకడు. మా ఆవిడ తమ్ముడు. కైకలూరులో చేపల మేత అమ్మే చిన్న దుకాణం. రాజుగారి చెరువులకు ఇరవై రెండు లక్షల మేత అరువుకి పోశాడు. చేపలు తిన్నాయి, బలిశాయి, లారీలెక్కి కలకత్తా వెళ్లిపోయాయి. కోర్టు నోటీసు మాత్రం కృష్ణబాబుకొచ్చింది. అప్పులవాళ్ల జాబితాలో అతనిది నూట పదిహేడో నంబరు.

దాంతో అతను మేత కంపెనీకీ, బ్యాంకుకీ, ఇంకో పదిమందికీ బాకీ పడ్డాడు. ఒకరోజు మొహం వేలాడేసుకుని ఏలూరులో మా ఇంటికొచ్చాడు. నేను ఎగిరి గంతేశాను.

"పిచ్చివాడా, అదృష్టం గుమ్మంలో నిలబడితే ఏడుస్తావేం? నువ్వూ పెట్టెయ్!"

అప్పటికప్పుడు లాయరు గ్రేస్ గారి ఆఫీసుకి లాక్కెళ్లాను. ఆవిడకి ఓపిక చాలా ఎక్కువ. అడగాల్సినవన్నీ నేనే అడిగాను. జైల్లో పెడతారా? ఇల్లు పోతుందా? ఒంటిమీద చొక్కా ఉంచుతారా?

"అప్పు తీర్చలేకపోవడం నేరం కాదండి, మోసం చేస్తేనే నేరం. తాకట్టు పెట్టింది బ్యాంకు పట్టుకుపోతుంది. కట్టుబట్టలు, పరుపులు, వంటగిన్నెలు ఎవరూ ముట్టుకోరండి" అన్నారు.

"విన్నావా బాబూ! పరుపుకి చట్టం కాపలా! మనకింకేం కావాలి?" అని వీపు తట్టాను.

కృష్ణబాబు నా మాట వినలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి, అందులో రాసుకున్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మేడమ్, కృపమ్మగారికి ముందిచ్చేయొచ్చాండి?"

కృపమ్మ ఏలూరు మార్కెట్లో చేపలమ్ముతుంది. మోకాలి ఆపరేషన్ కోసం కూడబెట్టిన ఎనభై వేలు ఇతని దగ్గర దాచుకుంది. బ్యాంకుకెళ్తే ఫారం నింపమంటారట, కృష్ణబాబునైతే నోటితో అడిగితే చాలట.

"పిటిషన్‌కి ముందు ఒక్కరికే కావాలని కట్టేస్తే ఆ చెల్లింపుని కోర్టు రద్దు చేయొచ్చండి. ఎవరి వాటా వాళ్లకే" అన్నారు గ్రేస్ గారు.

"ఆవిడ వాటాకి ఎంతొస్తుందండి?"

"రూపాయికి పావలా వస్తే గొప్ప. అదీ కొన్నేళ్లకి."

"అప్పటిదాకా ఆవిడ మోకాలు ఆగుతుందాండి?"

గ్రేస్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఏ సెక్షన్‌లోనూ మోకాళ్ల ప్రస్తావన లేదు కాబోలు! కృష్ణబాబు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "వద్దులెండి మేడమ్" అని లేచి దండం పెట్టాడు.

చెడిపోయాడండీ! నా కళ్ల ముందే చెడిపోయాడు! దుకాణం అమ్మాడు. వ్యాను అమ్మాడు. వాళ్లావిడ గాయత్రి తనంతట తానే గాజులు తీసి బల్లమీద పెట్టిందట, ఇద్దరికీ బుద్ధి లేదు. కృష్ణబాబు ఆకివీడులో చేపల ప్యాకింగ్ షెడ్డులో కాటా దగ్గర గుమస్తాగా చేరాడు. పదకొండు నెలల్లో కృపమ్మతో మొదలుపెట్టి అందరికీ అణా పైసలతో సహా కట్టేశాడు. కృపమ్మకి ఆపరేషన్ అయింది, ఇప్పుడు బుట్ట నెత్తినెట్టుకుని చకచకా నడుస్తోంది.

మరి కృష్ణబాబుకి సన్మానం జరిగిందనుకున్నారా? "అంత సొమ్ము ఎక్కణ్నుంచి వచ్చిందండీ? ఎక్కడో దాచుంటాడు!" అన్నారు కైకలూరు పెద్దమనుషులు. అసలు ముట్టినవాళ్లు వడ్డీ మాటేమిటని నిలదీశారు. రాజుగారి గుమ్మంలో చెప్పులు విడిచినవాళ్లే, ఇతని ఇంట్లోకి చెప్పులతో వచ్చారు!

కిందటి నెల నరసింహరాజు గారి శ్రీమతి దుర్గాదేవి గారి పేరున తాడేపల్లిగూడెంలో చేపల మేత ఫ్యాక్టరీ మొదలైంది. ఆవిడ జీవితంలో ఎవరికీ రూపాయి బాకీ లేదు, అందుకని బ్యాంకులో ఆవిడ సిబిల్ స్కోరు అద్దంలా మెరిసిపోతోందట. బ్యాంకువాళ్లు ఇంటికే వచ్చి సంతకాలు పెట్టించుకున్నారు.

అదే వారం కృష్ణబాబు పాత వ్యాను ఒకటి కొందామని మూడు లక్షల లోనుకి వెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. మేనేజరు గారు కంప్యూటర్ చూసి పెదవి విరిచారు.

"మీకు ఏడు వాయిదాలు లేటున్నాయండి."

"మొత్తం కట్టేశాను కదండీ!"

"కట్టారండి. లేటుగా కట్టారు. సిస్టమ్ తీసుకోదండి."

బయటకొచ్చి బస్టాండు దాకా నడిచాం. నేను ఇక ఆగలేక, "ఆరోజే నా మాట విని ఐపీ పెట్టుంటే" అని మొదలుపెట్టాను. కృష్ణబాబు నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బావగారూ, ఒక్కటి కనుక్కుని పెట్టండి. అందరికీ కట్టేసినవాడు వేసుకోవడానికి కోర్టులో ఏదైనా పిటిషన్ ఉందాండి?"

బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను అక్కణ్నుంచే గ్రేస్ గారికి ఫోన్ చేసి అడిగాను. ఆవిడ ముందు నవ్వారు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

"లేదండి" అన్నారు. "అలాంటివాళ్లు కూడా ఉంటారని చట్టం రాసినవాళ్లు అనుకోలేదేమోనండి."