తొట్టెలో థర్మామీటర్

ఇంట్లో ఓర్పు, దయ, నిష్ఠ పెరగాలా? స్టార్‌ఫిష్‌ను పెంచండి! మా హాల్లో ఒకటుంది. దానికి మెదడు లేదట. నాకూ దానికీ అంత బాగా కుదరడానికి అదే కారణమని మా ఆవిడ అభిప్రాయం.

"తిన్నగా తొట్టెలో పడేయకండి సార్, కొత్త నీళ్లు ఒక్కసారిగా తగిలితే తట్టుకోలేదు. ముందు బకెట్లో ఉంచి, తొట్టె నీళ్లు సన్న ట్యూబుతో చుక్కచుక్కగా కలపండి" అన్నాడు అక్వేరియం షాపాయన. ఆ మధ్యాహ్నమంతా బకెట్ పక్కనే గొంతుక్కూర్చున్నాను. ఫోన్ మోగింది, లేవలేదు. వంటింట్లో పాలు పొంగాయి, లేవలేదు! ప్రార్థనలో నాకెన్నడైనా ఇంత ఏకాగ్రత కుదిరిందా? ఇప్పుడైతే ప్రార్థన కూడా ఒంటి కన్నుతోనే. మూసిన కన్ను దేవుడికి, తెరిచిన కన్ను తొట్టెకి.

తొట్టెలోవి సముద్రంలాంటి ఉప్పునీళ్లు, ఆవిరైతే ఉప్పు ఎక్కువవుతుంది. అందుకని లేవగానే మంచినీళ్లు కలుపుతాను. ఉప్పు కొలుస్తాను, ఇంట్లో ఉన్న ఒక్క థర్మామీటర్‌నూ తొట్టెలోనే ఉంచి వేడి చూస్తాను. దాని చెయ్యి ఒకటి కాస్త వాడినట్టుంటే ఆఫీసుకు సెలవు! గాలి తగలకూడదు కనుక దాన్ని పైకి తీయను. నేనే నేలమీద బోర్లా పడుకుని అద్దంలోంచి చూస్తాను.

నాదొక చిన్న సందేహం. మెదడివ్వని జీవికి ఐదు చేతులిచ్చిన దేవుడు, నాకు రెండే ఎందుకిచ్చినట్టు? ఆ రెండూ తొట్టెలోనే ఉంటే మిగతావాళ్ల సంగతేమిటి?

మొన్న సాయంత్రం తొట్టెలో థర్మామీటర్ కనబడలేదు. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

"ఎవరు తీశారు? నీళ్లు వేడెక్కితే దాని గతేం కాను?"

"నేనే తీశానండీ" పడకగదిలోంచి మా ఆవిడ గొంతు, నీరసంగా. "ఒళ్లు కాలిపోతోంది."

"ఎప్పట్నించి?"

"నిన్నట్నించి. చెబుదామని వచ్చాను, మీరు బోర్లా పడుకుని ఉన్నారు. నన్నూ ఆ తొట్టెలో వేసెయ్యండి, పూటకోసారైనా చూస్తారు."

నుదుటి మీద చెయ్యి వేశాను. నిజంగానే కాలిపోతోంది. అప్పటిదాకా నీళ్లలో నానిన చెయ్యి కదా, తీయబోతే, "ఉంచండి, చల్లగా ఉంది" అంది.

డాక్టరుకు చూపించి తెచ్చాక, ఆ రాత్రి తొట్టె వైపు పోలేదు. పొద్దున వెళ్లి చూద్దును కదా, స్టార్‌ఫిష్ అద్దం మీద పైదాకా పాకి, ఇన్నాళ్లూ లేనంత హుషారుగా ఉంది! పాపం, దానికీ కాస్త ఊపిరాడిందేమో.

కనుక స్టార్‌ఫిష్‌ను తప్పక పెంచండి. థర్మామీటర్లు మాత్రం రెండు కొనకండి. ఒకటే ఉంటే, అది కనబడని రోజున, ఇంట్లో ఇంకెవరి ఒళ్లు కాలుతోందో మనకు తెలిసే అవకాశముంది!