మూడు మెట్లకు ముప్ఫై దారులు

ఆ ఉదయం వెల్డర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వీధి గుమ్మం ముందున్న మూడు మెట్ల మీద ఒక ఇనపరేకు వాలుగా వేయాలి. మధ్యాహ్నం అక్క వస్తే, చక్రాల కుర్చీతో సహా దాని మీంచి లోపలికి తోసుకుపోవాలి. ఆ తర్వాత తీరిగ్గా గడ్డం గీసుకోవచ్చు.

అక్క ఆ ఇంటికి వచ్చి ఏళ్లయింది. తల్లి పోయినప్పుడు కుట్టుమిషను ఎవరిదన్న చోట మాటా మాటా పెరిగి, "నీ గడప తొక్కితే ఒట్టు" అని వెళ్లిపోయింది. మొన్న ఫోను చేసిందీ తనే. "తొక్కనన్నానుగానీ దొర్లనన్లేదుగా! కాళ్లెలాగూ పడిపోయాయి, ఒట్టు దానంతటదే తీరిపోయింది" అని నవ్వింది. వెల్డర్‌కి నవ్వు రాలేదు. ముందుగా తనే ఫోను చేయాలని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాడు. అనుకోవడానికి ఖర్చేముంది?

అతనికో జబ్బుంది. ఏ పనికైనా ఒక్క దారి చూసి ఊరుకోడు. "ఒకే దారి తెలిసినవాడు కూలీ, నాలుగు తెలిసినవాడు మేస్త్రీ" అంటూ సుద్దముక్కతో గోడ మీద కొమ్మలు గీస్తాడు. కొమ్మకో దారి, దారికో చిక్కు, చిక్కుకు మళ్లీ రెండు కొమ్మలు.

రేకు వేసి చూస్తే జారుడుబల్లలా నిటారుగా ఉంది. పొడుగు పెంచితే వీధి మధ్యకు పోతుంది. గోడ వెంట మలుపు తిప్పితే, బయటికి తెరుచుకునే తలుపు అడ్డొస్తుంది. అలాగైతే తలుపును లోపలికి తెరుచుకునేలా మార్చాలి. ఊడదీశాడు.

"ముందు ఆ కుర్చీ వెడల్పెంతో అడగండి!" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"నువ్వడుగు. నేనడిగితే తన కోసం అవస్థ పడుతున్నాననుకుంటుంది."

"పడుతున్నారుగా!"

భార్యే మేనకోడలికి ఫోను చేసి కొలత కనుక్కుంది. జానెడున్నర. వెల్డర్ చేతిలో సుత్తి కింద పెట్టేశాడు. "జానెడున్నర కుర్చీలో పట్టేంత చిక్కిపోయిందా మా అక్క!" అని కళ్లు తుడుచుకున్నాడు.

కాసేపటికి మేనకోడలే మళ్లీ చేసింది. "అత్తా, నేను చెప్పింది మడిచినప్పటి కొలత. విప్పితే రెండింతలపైనే. మీ గుమ్మంలో పడుతుందా?"

పట్టదు. గోడ మీద ఇంకో రెండు కొమ్మలు మొలిచాయి: ద్వారబంధాన్ని చెక్కడమా, పీకడమా? చెక్కితే బలం తగ్గుతుందని గునపం వేసి పీకాడు. ద్వారబంధం ఒంటరిగా రాలేదు, పైనున్న ఇటుకల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్లు పగిలాయి. రేకు అప్పడంలా వంగింది. సరిగ్గా అప్పుడే కారొచ్చి ఆగింది.

అక్క కారు అద్దం దించి, ఇటుకల గుట్టనీ, దాని మీద దుమ్ముకొట్టుకుని నిలబడ్డ తమ్ముణ్ణీ చూసింది.

"ఏరా, రావద్దనుకుంటే ఫోన్లోనే చెప్పకపోయావా? ఇల్లు పడగొట్టుకోవాలా?"

"అయ్యో! నీ కోసమే అక్కా!"

"నా కోసమేనని తెలుస్తూనే ఉంది."

వెల్డర్ సుద్దగీతలున్న వీధిగోడ చూపించి, కొమ్మ కొమ్మా విప్పి చెప్పాడు. భార్య ఇటుకల మీంచి తడబడుతూ వచ్చి, "కారులోనే తాగాలి, ఏమనుకోకు వదినా" అంటూ టీ అందించింది. అక్క ఓపిగ్గా విని, గ్లాసు ఖాళీ చేసి, అడిగింది:

"ఇన్ని గీశావు. నువ్వు మా ఇంటికి రావడం ఇందులో ఎక్కడుందిరా?"

వెల్డర్ గోడంతా వెతికాడు. ఎక్కడా లేదు. ప్రతి కొమ్మా అతని గుమ్మం దగ్గరే మొదలైంది.

"మా ఇంటికి ఒక్క మెట్టు కూడా లేదు. ఎప్పుడూ లేదు," అంది అక్క. గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "మందుల వేళకు ఇల్లు చేరాలి నేను. ఎక్కు, పక్కన చోటుంది. నాలుగు రోజులుండి వద్దువుగాని."

వెల్డర్ ఒక కాలు కారులో పెట్టాడు కూడా.

"ఏమండీ, మరి తలుపో?" వెనకనుంచి భార్య గొంతు.

కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు లేని ఇల్లు చుట్టాన్ని లోపలికి రానివ్వకపోతే పోనీ, ఇంటాయన్ని కూడా బయటికి పోనివ్వదు.