తడి మేజోడు

పండుగ వారం, మంగళవారం ఉదయం, కాఫీ కప్పుతో బల్ల చివర నిలబడి వెండెల్ టాట్రో తన ఏర్పాట్లు వినిపించాడు. గురువారం థాంక్స్‌గివింగ్. మరునాడు మంచు మీద జారడానికి క్రోస్బీ కొండ తెరుస్తారు. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ స్కీలతో బయలుదేరాలి. జనాన్ని వేలాడే కుర్చీల్లో కొండ మీదికి మోసే లిఫ్టు కదిలే వేళకు వరుసలో అందరికన్నా ముందు అత్తగారు ఒడీల్ నిలబడి ఉండాలి. అతను చెప్పే తీరు వింటే, వెర్మాంట్ వాతావరణమంతా అతని కింద పనిచేసే గుమాస్తా అనిపిస్తుంది.

"ఈసారి మొదటి కుర్చీ మీదే, అత్తయ్యా. పూచీ నాది," అన్నాడు.

"పూచీ నీదేలే నాయనా. చలి ఎవరిది?" అంది ఒడీల్, రొట్టెకు వెన్న రాస్తూ.

ఆ ప్రశ్నలో న్యాయముంది. నవంబరులో ఆ కొండ మీద ఆకాశం మంచు కురిపించదు; మనుషులే కురిపించుకోవాలి. వాలు పొడవునా నిలిపిన మంచు ఫిరంగులు, చలి కుదిరిన రాత్రి, నీటిని తుంపరగా చిమ్ముతాయి. తుంపర గాలిలోనే గడ్డకట్టి నేలకు దిగుతుంది. చలి కుదరకపోతే మిగిలేది బురద. ఒడీల్ భర్త లూసియెన్ బతికినన్నాళ్ళూ ఆ ఫిరంగుల దగ్గరే పనిచేసి, మీసాలకు మంచు వేలాడుతూ ఇంటికి వచ్చేవాడు. ఆయన చేసిన మంచు మీద ఏటేటా మొదట జారింది మాత్రం రిటైరైన పళ్ళ డాక్టరు బర్లీ హాస్కిన్స్. తెరిచే రోజుకు ముందు రాత్రి, లిఫ్టు గేటు దగ్గర, తన ట్రక్కులోనే పడుకోవడం ఆయన పద్ధతి. మొదటి కుర్చీలో వెళ్ళినవారి ఫోటో కొండ కింది హాల్లో గోడకు తగిలిస్తారు. ఆ గోడ నిండా ఏళ్ళ తరబడి ఒకే పలువరుస నవ్వుతోంది.

అక్కడ తన ఫోటో ఒక్కటైనా ఉండాలని ఒడీల్ కోరిక. ఆ ఏడు మోకాలి చిప్ప మార్పించుకున్నదే అందుకు.

పండుగకని ముందే దిగిన ఆమె కొడుకు డ్వేన్ సోఫాలోంచి తల ఎత్తాడు. "బావా, నిరుడు కూడా నీ లెక్క నమ్మే పోయాం. నా స్కీలకి ఇంకా గడ్డి అంటుకునే ఉంది. హాయిగా, కప్పు కింద వెచ్చగా ఉండే వాటర్ పార్కుకి పోదాం. అక్కడ నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, గడ్డకట్టమని ఎవడూ బతిమాలక్కర్లేదు."

వెండెల్ భార్య కొరీన్ ఇద్దరికీ మధ్యగా తీర్పు చెప్పింది. బుధవారం పొద్దుటికి వెండెల్ గట్టిగా చెప్పగలిగితే కొండ. లేదంటే తమ్ముడి మాటే. ఈ ఏడే కాదు, ఇకముందు కూడా.

వెండెల్ చలించలేదు. అతనికి సొంత యంత్రాంగం ఉంది. వంటింటి కిటికీ బయట రెండు థర్మామీటర్లు వేలాడుతుంటాయి. మొదటిది ఉన్న చలిని ఉన్నట్టు చూపుతుంది. రెండోదాని బుడ్డికి పాత నూలు మేజోడు తొడిగి, దాని కొసను ఒక కప్పు నీళ్ళలోకి వేలాడదీశాడు. గాలి పొడిగా ఉంటే తడి మేజోడు ఆరుతూ చల్లబడుతుంది. ఆ థర్మామీటరు మొదటిదానికన్నా దిగువన నిలుస్తుంది. కొరీన్ గోళ్ళ రంగుతో గీసిన ఎర్ర గీతను అది దాటి దిగిందా, ఫిరంగులు మోగుతాయి. రెండూ ఒకే చోట ఆగాయా, గాలి నిండా తేమ. ఇక ఆశ లేదు. ఇదంతా కిటికీ అద్దంలోంచే చూసుకోవచ్చు, చెయ్యి చలిలో పెట్టే పనే లేదు. తన యంత్రాంగంలో వెండెల్‌కు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ ఒడీల్ కిటికీలోంచి చూసింది. పండుగకు నలుగురూ వచ్చే ఇంట్లో, బొటనవేలి దగ్గర చిల్లుపడ్డ తడి మేజోడు అలా వేలాడడం మర్యాద కాదు. దాన్ని తీసి, ఉతికి, చిల్లు కుట్టి, పొయ్యి దగ్గర ఆరేసింది. థర్మామీటరు బోసిపోకుండా లూసియెన్ ఎర్ర ఉన్ని మేజోళ్ళలో ఒకటి తెచ్చి పొందికగా తొడిగింది. కప్పులోని నీళ్ళు పూలకుండీలో పోసింది.

బుధవారం చీకటితో లేచి, వెండెల్ అద్దానికి టార్చి ఆనించి చూశాడు. రెండు థర్మామీటర్లూ ఒకే మాట మీద ఉన్నాయి. మేజోడు రంగు మారినట్టు తోచింది కానీ, తాను కొలవవచ్చింది రంగును కాదు.

"గాలి తడిసి ముద్దయింది. శుక్రవారం కొండ తెరవరు," అని ప్రకటించాడు. ఓడినవాడి గొంతు కాదది. తీర్పు చదివే జడ్జి గొంతు.

డ్వేన్ అప్పుడే వాటర్ పార్కు టికెట్లు తీశాడు. ఒడీల్ తనకు టికెట్ వద్దంది. "నీళ్ళలో మునగడానికి కాదురా నేను మోకాలు మార్పించుకున్నది."

వెండెల్ వృత్తి ఇంటింటికీ ఉత్తరాలు అందించడం. ఆ రోజు ప్రతి ఇంటికీ ఉత్తరంతో పాటు ఆ తీర్పు కూడా అందింది. తెరుస్తారని చెబితే నమ్మనివారు కూడా, తెరవరని చెప్పగానే నమ్మారు. చెడ్డ వార్తకు సాక్ష్యం అడిగే అలవాటు ఆ ఊరికి లేదు. కొండవారి ఫోనులో ఏటేటా వినిపించే మాటే వినిపిస్తోంది: వాతావరణం అనుకూలిస్తే తెరుస్తాం. ఆ "అయితే గియితే" మాట కన్నా వెండెల్ మాటే నికరంగా ఉంది. స్కీలు అద్దెకిచ్చే ఆసామి దుకాణం మూసి జింకల వేటకు పోయాడు. బడి పిల్లల స్కీ బస్సు రద్దయింది. చర్చివారు చిక్కుడుగింజల విందును శుక్రవారానికి జరిపారు. పళ్ళ డాక్టరు మాత్రం తన ఇంటి గేటు దగ్గర నిలబడి, ఖాయమేనా అని అడిగాడు.

"నా థర్మామీటరే సాక్షి, డాక్టరుగారూ. బోస్టన్‌లో మీ అమ్మాయి ఇంటికెళ్ళి, సుఖంగా మంచం మీద పడుకుని రండి."

ఆయన వెళ్ళాడు.

గురువారం బల్ల దగ్గర టర్కీ కోడిని కోస్తుండగా, కొండ వైపు నుంచి సన్నని హోరు మొదలైంది. పక్క ఊరి రైలని వెండెల్ చెప్పాడు. ఆ రైలు ఆపేసి చాలా ఏళ్ళయిందని కొరీన్ గుర్తుచేసింది. అయితే మళ్ళీ వేశారన్నమాట, అని అతను కోడి తొడ డ్వేన్ పళ్ళెంలో వేశాడు. ఒడీల్ తనకేమీ వినబడడం లేదని, చెవిలోని మిషను తీసి చూపించింది.

శుక్రవారం వాటర్ పార్కులో వెండెల్ నడుము లోతు గోరువెచ్చని నీటిలో నిలబడి, ఆ నిమిషాన క్రోస్బీ కొండ మీద బురద ఎంత మందాన ఉంటుందో పక్కవారికి వివరించాడు. పక్కవారందరూ అతని ఊరివారే. అందరూ తలలూపారు.

సాయంత్రం తిరుగు దారిలో, మలుపు దాటగానే కొండ కనబడింది. నెత్తి నుంచి కాలి దాకా తెల్లగా, నున్నగా, దీపాల వెలుగులో మెరుస్తూ ఉంది. "పొగమంచై ఉంటుంది," అన్నాడు వెండెల్.

"పొగమంచు మీద లిఫ్టు తిరుగుతోంది బావా," అన్నాడు డ్వేన్.

హాల్లోకి వెళ్ళి చూస్తే, ఊరంతటి కోసం కాచిన సూపు చల్లారుతోంది. కొండవారు రోజంతా లిఫ్టు నడిపింది ఒక్క మనిషి కోసం. ఆవిడ ఎక్కిన ప్రతిసారీ మోకాలికి ఇబ్బంది లేకుండా మెల్లగా నడిపారట. మధ్యలో చుట్టూ చూడడానికి ఆపమంటే ఆపారట. గోడ మీద పలువరుసలన్నిటి చివర కొత్త ఫోటో ఉంది. మొదటి కుర్చీలో ఒడీల్ ఒక్కతే కూర్చుంది. పక్కన ఖాళీ చోట, స్కీ కర్రకు జెండాలా, ఎర్ర ఉన్ని మేజోడు ఒకటి ఎగురుతోంది.

వెండెల్ ఆ మేజోడును చాలాసేపు చూశాడు.

ఇంటికి రాగానే, ఆ థర్మామీటర్లు తగిలించిన తరువాత మొదటిసారి, చెయ్యి బయట పెట్టాడు. ఎర్ర మేజోడు చేతికి వెచ్చగా, పొడిగా తగిలింది. అప్పటికే ఇల్లు చేరిన ఒడీల్ పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకుని, కుట్టిన నూలు మేజోడును ఒళ్ళో మడత పెడుతోంది. అతను ఆమె ఎదుట కూర్చున్నాడు. మేజోడు ఎందుకు తడిగా ఉండాలో, పొడిదైతే లెక్క ఎలా తలకిందులవుతుందో, పసిపిల్లకు చెప్పినట్టు, కోపం దిగమింగుకుని, మొదటి నుంచీ వివరించాడు. ఒడీల్ చివరి దాకా శ్రద్ధగా విన్నది.

"మా ఆయనా అచ్చం ఇలాగే చెప్పేవాడు, పెళ్ళైన కొత్తలో," అంది.

మడత పెట్టిన మేజోడును అతని చేతిలో పెట్టింది.

"అయినా మాట నిలబెట్టుకున్నావు నాయనా. మొదటి కుర్చీ పూచీ నాదన్నావు, ఇప్పించావు."

ఆపైన, వచ్చే ఏడు కూడా ఏర్పాట్లన్నీ అల్లుడే చూసుకోవాలనీ, మేజోడు ఉతికే పని మాత్రం తనకు వదిలేయాలనీ ఆమె కోరింది.